కళింగాంధ్ర చారిత్రక కథలయం దాభరణముల సాక్ష్యము

ఆభరణమన శరీరమునకు శోభ గూర్చు వస్తువని లోకము తలఁచును. శాబ్దికుల మతమున నింకను గొంత విశేషము కలదు. కృఞ్ ధాతువునకుఁ బూర్వమందు 'అలమ్' అను నవ్యయము నిలిచినప్పుడు భూషణార్థము సిద్ధించును. సం, పరి యను నుపసర్గములు చేరినప్పు డా భూషణార్థముననే ధాతువునకు సుడాగమము గలిగి సంస్కారము, పరిష్కారము అను రూపము లేర్పడును. కావున అలంకారమును సంస్కారమును నొక్క ధాతువునుండియే పుట్టినవి. 'అలమ్' అనఁగాఁ జాలును, తగును అని యర్థము. తగినచోటఁ దగినది యుండుటయే యలంకారము. తగనిచోట నున్న నగ బరువు మాత్రమే. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశమందుండిన క్షేమేంద్రుఁడు ఔచిత్యమును విచారించుచు మొలనూలును మెడకును, హారమును నడుమునకును, అందెను చేతికిని దొడిగికొన్నవారిని జూచి నవ్వనివా రెవ్వరని ప్రశ్నించినాఁడు. ఆయన స్థలౌచిత్యముతో నాఁగక దేశౌచిత్యము, కాలౌచిత్యము అనువానినిఁ గూడఁ జెప్పియున్నాఁడు. మెడయందలి మొలనూలునకు నవ్వు పాఠకుఁడు, అదే శతాబ్దమునఁ గళింగనగరమున నున్నట్లు వర్ణింపఁబడిన రాజపుత్రిక ముక్కున బులాకి వ్రేలాడినప్పుడు నవ్వకున్నాఁడు. అతనికిఁ దెలియకపోవుట యతని తప్పు గాదు. కథకుఁడు తెలిసికొనకపోవుట మాత్రము తప్పే.

చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి 'హేమలత' 1896 లో వెలువడిన నాఁటినుండి చారిత్రక కథనము తెలుఁగునఁ బ్రబలినది. విజ్ఞానచంద్రికామండలివా రా జాతి గ్రంథములకు పోషకులైరి. వేదము వేంకటరాయశాస్త్రిగారి 'బొబ్బిలియుద్ధనాటకము' 1916 నాఁటిది. 1964 లో బొబ్బిలి కథ చలనచిత్రముగాఁ గూడ నవతరించినది. ఈ కథలకు తల్లివంక సంస్కృతనాటకములు, తండ్రివంక స్కాటు, బంకించంద్రుఁడు మొదలగువారి నవలలు. అవి యేవంకఁ జూచినను నాభరణమునకుఁ గథలో నొక యుద్యోగము కలదు, అది గుఱుతు. కథలోని మనుష్యులు మఱచినదానిని, దాఁచినదానిని, కాదన్నదానిని నగ బయటఁబెట్టును.

ఈ మార్గమునకు మూలము రామాయణమే. సీత జాఱవిడిచిన తొడవుల మూట ఋశ్యమూకమున దొరకినప్పుడు లక్ష్మణుఁడు తక్కిన నగల నెఱుఁగననియు, నిత్యము పాదాభివందనము చేయువాఁడగుటచే నందెల నెఱుఁగుదుననియుఁ బలికెను. ఆ నగ సీతనుగూర్చి చెప్పినదానికంటె లక్ష్మణునిగూర్చి యెక్కువ చెప్పినది. ఉంగరము హనుమంతునితో లంకకుఁ బోయినది, చూడామణి తిరిగి వచ్చినది. శాకుంతలమున నుంగరము పోయిన జ్ఞాపకము పోయినది. రత్నావళియందు సింహళరాజపుత్రి కుల మామె మెడయందలి రత్నమాలవలనఁ దెలిసినది. ముద్రారాక్షసమున నీ యంశ మన్నిఁటికంటె నిశితముగాఁ బ్రయుక్తమైనది. పర్వతకుని నగలను రాక్షసుఁ డెఱుఁగక వెలయిచ్చి కొని తొడిగికొనఁగా, నవియే యతఁడు శత్రువునకు లోఁబడినాఁడనుటకు సాక్ష్యములైనవి. నగ యబద్ధము చెప్పదు. దానిచేత నబద్ధము చెప్పింపవచ్చును. విశాఖదత్తుని కౌటిల్యున కా మర్మము తెలియును. చారిత్రక కథకునకుఁ గూడ నది తెలిసియుండవలయును, ఏలయన నెఱుఁగకయే యతఁడును నగచేత నబద్ధము చెప్పించుచుండును.

మన కళింగాంధ్రమున నిట్టి కథలకుఁ దగిన వస్తువులలోఁ బ్రాచీనమైనది హేమమాల వృత్తాంతము. ఇది ధమ్మకిత్తి యను భిక్షువు పాలిభాషయందు రచించిన 'దాఠావంసము'నందుఁ గలదు. కళింగదేశమున దంతపురము నేలుచుండిన గుహశివుఁడు తన యొద్దనున్న బుద్ధదంతధాతువునకై శత్రువులు మీఁదికి వచ్చినప్పుడు, తాను యుద్ధమునఁ గూలినచో దానిని సింహళమునకుఁ జేర్పుఁడని కూఁతురు హేమమాలకును నల్లుఁడు దంతకుమారునకును నప్పగించెను. వా రిరువురును బ్రాహ్మణవేషములు ధరించి బయలుదేఱిరి. ధాతువును హేమమాల తన కేశపాశమునఁ దాఁచుకొని సముద్రము దాఁటినది. లంక నప్పు డేలుచుండినవాఁడు కీర్తిశ్రీమేఘవర్ణుఁడు. కాలము క్రీస్తుశకము నాలవ శతాబ్దము. దంతపురము పూరియేయని వాదించినవారు కలరు గాని, శ్రీకాకుళమునకు సమీపమున సరుబుజ్జిలి ప్రాంతమందలి దంతవక్త్రునికోట యదియని పలువురు పండితులు నిర్ణయించిరి. వంశధార గట్టున శాలిహుండముకొండపై బౌద్ధస్తూపావశేషములును, తారా మారీచీ ప్రభృతి మూర్తులును నుండుట యీ ప్రాంతమున బౌద్ధమతవ్యాప్తిని జాటుచున్నది.

ఈ కథయం దొక చమత్కారము కలదు. నాయిక పేరే బంగరుమాల. నవలాకారుఁ డామెను వర్ణింపఁబూనినచో వెంటనే హారములు, కాంచులు, కేయూరములు పంక్తులుగాఁ బేర్చును. కాని మాఱువేషమున మార్గమునఁ బోవు రాజపుత్రి నగలు దీసివేయక తప్పదు. నగలన్నియుఁ దీసివేసిన యా తలలో, నగ లుండవలసినచోటనే, యొక దంతము దాఁగియున్నది. చూచువారికిఁ గొప్పు మాత్రము కనఁబడును. నాగరము, చేరుచుక్క, రాగిడిబిళ్ళ యని మనవారు తలకుఁ బెట్టు సొమ్ములన్నిఁటి స్థానము నా యొక్క ధాతు వాక్రమించినది. ఈ సన్నివేశమున నాభరణవర్ణన మెంత తగ్గిన నంత మేలు. ప్రబంధములు చదివిన చేతికి నిట నాఁగుట కష్టము.

ఇఁక నాసాభరణవిచారము. పాణిని కర్ణ, లలాట శబ్దములకు నలంకారార్థమునఁ బ్రత్యయవిశేషమును విధించి కర్ణికా, లలాటికా శబ్దములను సాధించినాఁడు. గ్రీవాశబ్దమునకు నలంకారార్థముననే వేఱొక ప్రత్యయము చెప్పి గ్రైవేయకశబ్దమును నిష్పన్నముచేసినాఁడు. చెవి, నొసలు, మెడ యను మూఁడింటికి నగలున్నట్లు సూత్రకారుఁడు సాక్షి. నాసికాశబ్దమున కట్టి విధి లేదు. ఇది యొక్కటియే ప్రమాణము గానేరదు; వ్యాకరణము కంసాలి చిట్టా కాదు గదా. కాని యమరసింహుఁడు మనుష్యవర్గమునఁ గిరీటము మొదలు కాలి చిఱుగంటలవఱకు వరుసగా నగల పేర్లు చెప్పుచు, ముత్యాలపేరులలోఁ బేటలనుబట్టి భేదములు చెప్పుచు, పురుషుల నడుమున నుండు గొలుసునకుఁ బ్రత్యేకనామము చెప్పుచు, అక్షరములు చెక్కిన యుంగరమును సామాన్యాంగుళీయకమునుండి వేఱుపఱచుచు, ముక్కునకు మాత్రము నొక్క నగయుఁ జెప్పకుండుట యూరక జరిగినది కాదు. పరశురామ కృష్ణ గోడే గారు 1938 లో భండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థ పత్రికయందు నాసాభరణప్రాచీనతను విమర్శించి, సంస్కృతవాఙ్మయమున నిది చాలఁ దరువాతఁ బ్రవేశించినదని చూపిరి. భారతదేశపుఁ బ్రాచీనశిల్పములు నీ నిర్ణయమునకే యనుకూలములు. ముఖలింగముననున్న మధుకేశ్వర, సోమేశ్వరాలయముల శిల్పములను శ్రద్ధతోఁ బరిశీలింపఁదలఁచిన కథకుఁడు ముక్కులవంకఁ గూడ నొకసారి చూడవలెను.

పదాఱవ శతాబ్దారంభమునకు స్థితి మాఱినది. విజయనగరసామ్రాజ్యమును దర్శించి వ్రాసిన పోర్చుగీసు బర్బోసా, స్త్రీలు ముక్కున నొకవైపు కుట్టించుకొని సన్నని బంగారుతీఁగెకు ముత్యమో కెంపో నీలమో వ్రేలఁగట్టుదురని వ్రాసినాఁడు. తెలుఁగున నీ నగల పేర్లే చరిత్ర చెప్పఁజాలును. ముక్కర దేశ్యము. నత్తు ఔత్తరాహుల నథ్. బులాకి తురుష్కశబ్దము. కళింగాంధ్రము గోలకొండ ప్రభువులకు లోఁబడి శ్రీకాకుళము ఫౌజుదారులకు స్థానమైనది. షేర్ మహమ్మదుఖానుఁడు కట్టించిన మసీదు 1641 నాఁటిది. ఆ పరిపాలనముతోఁ బాటు పారసీక తురుష్కశబ్దములు కచ్చేరీలోనికి వచ్చినట్లే నగలపెట్టెలోనికిని వచ్చినవి. జమీందారులు తలపాగఁ దాల్చు కలికితురాయి యట్టిదియే. ఇందలి 'కలికి' సుందరియను నర్థముగల తెనుఁగుమాట యని భ్రమించి 'కలికి ధరించు తురాయి' యని నాయిక జడలోఁ దుఱిమినవారు కలరు. అది కల్గీ యను విదేశ్యశబ్దము. పురుషుని తలపాగమీఁది యధికారచిహ్నము. 1757 నాఁటి బొబ్బిలికోటయందు బులాకియుఁ గలికితురాయియు నొప్పును. చోడగంగని కొలువున నొప్పవు. అనంతవర్మ చోడగంగదేవుఁడు పట్టమునకు వచ్చినది 1078 లో. నడుమ నున్నది ఇంచుమించుగ నేడు శతాబ్దములు.

ఆ గంగరాజుల రాజధానియగు కళింగనగరము ముఖలింగమే యని నాడగాము తామ్రశాసనములను బ్రకటించుచు నిరూపించినవారు గిడుగు వేంకటరామమూర్తిగారు. భాషావిషయమున వారితో విభేదించు పండితులు సైతము శాసనవిషయమున వారికి ఋణపడియున్నారు. గంగరాజుల తామ్రపత్రములను గ్రుచ్చిన కడియమునకు నందిముద్ర యుండును. చారిత్రక కథలలో దూత చేతి కిచ్చు ముద్రాంగుళీయక మా పెద్ద కడియమునకుఁ జెల్లెలు. అమరుఁడు సాక్షరముద్ర కిచ్చిన ప్రత్యేకనామ మిటఁ బ్రయోజనకారి. ప్రేమకానుకగా నిచ్చు నుంగరము వేఱు, ఆజ్ఞకుఁ బ్రమాణముగా నిచ్చు నుంగరము వేఱు. శాకుంతలమున రెండును నొక్కటియగుటవలననే యా నాటకమున కంత బలము వచ్చినది: దుష్యంతుఁ డిచ్చినది తన పేరు చెక్కిన ముద్రిక. పేరు చెక్కని యుంగరమును కోటతలుపుకడఁ జూపి లోనికిఁ బోవు నవలానాయకుల నేమనవలెనో తెలియదు.

చెవి నగలలోఁ దెలుఁగునకు స్వంతమైన సంపద కలదు. అమరుఁడు కర్ణభూషలలోఁ దాళపత్రమును జెప్పినాఁడు. తాటియాకును జుట్టి చెవిరంధ్రమునఁ దూర్చుట పూర్వాచారము. తరువాత నదియే బంగారమున దిద్దఁబడినది. తెలుఁగుమాట 'కమ్మ'యం దీ చరిత్ర యంతయు నడఁగియున్నది. కమ్మ యనఁగాఁ దాటియాకు; కమ్మ యనఁగాఁ జెవినగ; కమ్మ యనఁగా నుత్తరము. బీదయింటి ముత్తైదువ చెవికిఁ జుట్టినది, ధనవంతురాలు రవ్వలు చెక్కించి పెట్టుకొన్నది, రాణి వార్త వ్రాయించి పంపినది నొక్క పేరు గలవియే. బొబ్బిలి కథయందు మల్లమ్మదేవి రాజామునఁ దండు విడిసియున్న తాండ్ర పాపారాయనికిఁ గమ్మ వ్రాసి పంపినదని జనశ్రుతి. ఆమె చెవి కమ్మను దీసి దూతచేతి కిచ్చినట్లు కల్పించు కథకునకు శ్లేష యయాచితముగా లభించును. కాని తీసికొనవచ్చునో లేదో ముందు విచారింపవలయును. ఆ విచారము క్రిందఁ జేయఁబడును.

వన్యజాతుల నగలవిషయమునఁ గథకులు చేయు నన్యాయ మొకటి కలదు. కొండదొర కూఁతురనఁగానే గురివెందపూసలపేరు మెడలో వేసి సాగిపోవుదురు. విశాఖమండలపు మన్యముననుండు గదబస్త్రీలు ఇత్తడితీఁగెను వలయములుగాఁ జుట్టి భుజములమీఁదికి వ్రేలాడు పెద్దపెద్ద కర్ణభూషణములు ధరించుట థర్స్టను 1909 లోఁ బ్రకటించిన గ్రంథమున వర్ణించినాఁడు. మైదానమునఁ గంసాలి కనుగొన్న మెలఁకువకు నా పని లోకువ కాదు. సరవకోటసీమలోని బుడితి గ్రామమునఁ గంచు, ఇత్తడి పనివారు నేఁటికిని బ్రసిద్ధులు.

దేవాలయశాసనములు నగల నెట్లు చెప్పునో కథకులు చదువఁదగును. సింహాచలమున వేలనాటి గొంకరాజు రాణి స్వామికి బంగారుతొడుగు సమర్పించినది పండ్రెండవ శతాబ్దమున. శ్రీకూర్మ, సింహాచల శాసనములలో నఖండదీపములకై భక్తు లర్పించిన గండమాడల లెక్కలు నిండియున్నవి. శ్రీకృష్ణదేవరాయలు కళింగదండయాత్రయందు 1516 లో సింహాద్రినాథుని సేవించి కానుక లిచ్చినప్పుడు చెక్కించిన శాసనమున, కంఠమాలయందలి ముత్యములు 991 అని చెప్పఁబడినది. వజ్రమాణిక్యముల కడియములు జత, శంఖచక్రముల పతకము నం దున్నవి. చిన్నాదేవియుఁ దిరుమలదేవియుఁ బతకము లర్పించిరి. వేయికిఁ దొమ్మిది తక్కువ! కవి యైనచో వేయి యనెడివాఁడు, కాదేని వెలలేనిదనెడివాఁడు. శాసనకర్త తొమ్మిదిని విడువలేదు, ఏలయన స్వామి సొమ్మునకు లెక్క చెప్పవలసినవా రుందురు. ఆ తొమ్మిది ముత్యముల లోపమే రాయల చేతిని మన కన్నులయెదుట నిలుపుచున్నది. మఱియొక విశేషము. గజపతి కూఁతురిని రాయలు వివాహమాడిన కథ పెక్కురు వ్రాసిరి. ఆ సంధి 1516 నాఁటికిఁ గుదురలేదు. ఆ సంవత్సరమున నామెచే సింహాచలమున నగ సమర్పింపఁజేసినచో శాసనమే యడ్డము పలుకును.

ఇంతవఱకు నగను గుఱుతుగాఁ జూచుట జరిగినది. తెలుఁగున నగకు వేఱొక పేరు సొమ్ము. ఇది సంస్కృతపు 'స్వమ్' అనుదానికిఁ దద్భవము. స్వమనఁగా స్వకీయమైన ధనము. తెలుఁగువాఁ డొక్క మాటతోనే నగయు, ధనము, హక్కు నని చెప్పినాఁడు. మనువు స్త్రీధనమును వివరించినచోట, భర్త జీవించియుండఁగా స్త్రీ ధరించిన యలంకారములను దాయాదులు పంచుకొనరాదని శాసించినాఁడు. భర్త యాస్తి భర్తది, భూమి కొడుకులది. ఒంటిమీఁది సొమ్ము మాత్ర మామెది. కావుననే కథలో స్త్రీ నగ దీసి యిచ్చుట సామాన్యక్రియ కాదు. తనదని చెప్పుకొనఁదగిన యొక్కదానిని నిచ్చుచున్నది.

ఈ యర్థమును జక్కఁగా నెఱిఁగి ప్రయోగించినవారు విజయనగరవాసులు గురజాడ వేంకట అప్పారావుగారు. 'కన్యాశుల్కము' 1892 లో విజయనగరమునఁ బ్రదర్శితమైనది. పెంచి వ్రాసిన రూపము 1909 నాఁటిది. అది చారిత్రకనాటకము కాదు. కాలము గడచిన కొలఁది మనకుఁ జరిత్ర యైనది. అందు మధురవాణి కంటెను రామప్పపంతులు లుబ్ధావధానుల పెండ్లికై యెరవు తీసికొనిపోవును. పెండ్లికూఁతు రదృశ్యమగును, కంటెకై వివాదము లేచును. 'ఎరవుసొమ్ము బరువుచేటు' అను సామెతకు నది భాష్యము. ఆ కంటె యెన్ని తులములో, దానికి రాళ్ళున్నవో లేవో యనుదానిపైఁ గథ నడువదు. అది యెవరి సొమ్ము, ఎవరి చేతినుండి యెవరి మెడకుఁ బోయినది యనుదానిపై నడచును. వేశ్యకు భర్త లేఁడు, దాయాదులతో నామెకుఁ బనిలేదు. ఆమె కంటె యామె సంపాద్యము. దానికై యామె పట్టిన పట్టు లోభము కాదని ప్రేక్షకుఁడు గ్రహించును. ఆ నాటకభాష నంగీకరింపనివారును నందలి కంటె నంగీకరింపవలసినదే. చారిత్రక కథలలో వర్ణితములైన వందలకొలఁది హారములలో నింతటి పని చేసినవి మిక్కిలి యరుదు.

సొమ్ము స్త్రీదగుటయుఁ, దానిని దీసివేయుట వైధవ్యమునకుఁ జిహ్నమగుటయుఁ గలిసి చారిత్రక కథలలో నొక రూఢసన్నివేశమును సృష్టించినవి: యుద్ధవార్త రాఁగానే నాయిక గాజులు పగులఁగొట్టుట, కంఠసూత్రము త్రెంచుట. మంగళసూత్రధారణము ప్రాచీనగృహ్యసూత్రములయందు విహితము కాదనుట విద్వాంసు లెఱిఁగినదే; కాన నశోకుని కళింగయుద్ధకథయం దా త్రెంపుట చెల్లదు. తరువాతి కాలములకుఁ జెల్లును. కాని బొబ్బిలికిఁ జెల్లదు. ఇదియే యీ విచారమునకుఁ బ్రధానమైన యంశము.

1757 సంవత్సరము జనవరి 24 వ తేదీన బుస్సీ ఫ్రెంచిసైన్యమును విజయరామరాజు విజయనగరబలములును బొబ్బిలికోటను ముట్టడించినవి. ఆ వృత్తాంతమును ఆర్మ్ అను నాంగ్లచరిత్రకారుఁడు విస్తరించి వ్రాసినాఁడు; దిట్టకవి నారాయణకవి 'రంగరాయచరిత్రము'గాఁ బద్యములలో రచించినాఁడు; జంగముకథలుగా నది యూరూరఁ బాడఁబడినది. కోట నిలువదని తెలిసినప్పుడు రంగారాయఁడు స్త్రీబాలుర నందఱిని శత్రువులచేతఁ జిక్కనీయక చంపింప నాజ్ఞాపించెను. ఇండ్లకు నిప్పు పెట్టిరి. తప్పించుకొనఁబోయినవారిని దమవారే పొడిచిరి. ఆ పిమ్మట రంగారాయఁడు తుపాకిగుండు తగిలి కూలెను. విజేతలు లోపలఁ జొచ్చి చూచి స్తబ్ధులై నిలిచిరి.

ఈ క్రమము గమనింపఁదగినది. స్త్రీలు ముందు మరణించిరి, పురుషులు తరువాత. ఆనాఁడు బొబ్బిలికోట లోపల వితంతువు లేర్పడుటకుఁ దావు లేదు. మల్లమ్మదేవి భర్తకంటె ముందు పోయినది. ఆమె ముత్తైదువ. ఆమె కంఠసూత్రము త్రెంపఁబడలేదు, గాజులు పగులఁగొట్టఁబడలేదు; సొమ్ములన్నియు నొంటిమీఁద నుండఁగనే చనిపోయినది. వైధవ్యదృశ్యమును జొప్పించి కన్నీరు రప్పింపఁజూచువారు చరిత్ర యిచ్చిన ఘోరతరమైన దానిని విడిచి, యభ్యస్తమైన దానిని గైకొనుచున్నారు. లోకము సుమంగళీమరణమును భాగ్యమందురు. ఆ భాగ్య మట భర్త యాజ్ఞచేతఁ గలిగినది. కథకున కింతకంటెఁ గావలసినదేమి? మనువు దాయాదులు పంచుకొనరాదని కాపాడిన సొమ్ము, ఆమెతోఁ గూడ నా మంటలలోఁ బడినది.

ఘోషాపద్ధతివలన మఱియొక చిక్కు కలదు. జమీందారీకోటలోని స్త్రీల నగలను పరపురుషుఁ డెవ్వఁడును జూచియుండఁడు. కావున రాణి నగను జూచి సేనాని 'ఇది రాణిగారిది' యని గుర్తించుట యసంభావ్యము. గుర్తింపఁగలవా రిరువురే: తొడిగిన దాసియుఁ, జేసిన కంసాలియు. లక్ష్మణుఁడు సైత మందెల నెఱిఁగినది తల వంచియే. పైని జెప్పిన కమ్మవిషయమును నిట్టిదే. మల్లమ్మదేవి చెవికమ్మ రాజామునఁ బాపారాయనికి గుఱుతు గావలెనన్న, నతఁ డామె కాప్తబంధువై, చెల్లెలిగాఁ జూచినవాఁడై యుండవలెను. జనశ్రుతి యతనిని సోదరునిగానే చెప్పుచుండుటచేఁ గథకునకు దారి దొరకుచున్నది. కాని ముత్తైదువ బోసిచెవి చేసికొనుట యశుభము. రెండవ చెవి కమ్మతో నొంటిగా నుండుట మఱింత విపరీతము. ఆమె యట్లు చేసినచో దాసీజనము భయపడవలయును, వృద్ధస్త్రీలు వారింపవలయును. ఆ భయమును జూపక కమ్మను మాత్రము పంపినచోఁ దపాలాపీసు పని వలె నుండును.

పాపారాయఁడు సకాలమునకు రాలేదు. మూఁడవనాఁటి రాత్రి విజయరామరాజు తన డేరాలోఁ జంపఁబడెను. చంపినది బొబ్బిలివీరులలోఁ జావక మిగిలి ప్రతిజ్ఞఁ బూనినవారని ఆర్మ్ వ్రాసినాఁడు. పాటలలో నది పాపారాయని పని.

కోట కూలిననాఁటి సంగతి యొకటి మిగిలినది. పురుషులందఱు నిహతులైన పిమ్మట నొక ముసలివాఁడు బాలునొకనిఁ జేతఁ బట్టుకొని ఫ్రెంచి సేనాని లా యనువానికడకు వచ్చి, యీతఁడు రంగారాయని కొడుకు, తండ్రి యిష్టమునకు వ్యతిరేకముగా నేను గాపాడితి నని చెప్పినట్లు ఆర్మ్ వ్రాసినాఁడు. బుస్సీ యా బాలునికి రక్షణ మిచ్చెను. బొబ్బిలివంశము వానివలననే నిలిచినది.

రత్నావళి చదివిన కథకుని చేతి కిది దొరకినప్పుడు బాలుని మెడలో నొక పతకము తప్పక వెలయును. ఆ పతకముపై రాజచిహ్నముండును, లా దానిని దీపమునకు దగ్గఱగాఁ బట్టి పరీక్షించును, దుబాసీ చదివి చెప్పును, అందఱు నౌరా యందురు. ఆర్మ్ వ్రాఁతయందుఁ బతకము లేదు, ఉంగరము లేదు, మొలత్రాడైనను లేదు. పొగలోనుండి వచ్చిన ముసలివాని మాట యొక్కటి యున్నది. దానిని వారు నమ్మిరి.